సీప్యాప్ గుండెను కాపాడుతుందా? వాదమంతా 3.3 గంటల చుట్టూ

నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే స్లీప్ ఆప్నియాకు వాడే, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం గురకను, పగటి మగతను తగ్గిస్తుందనడంలో వైద్యులకు భేదాభిప్రాయం లేదు. గుండెను కాపాడుతుందా అన్న దగ్గరే వారు మళ్లీ రెండు పక్షాలయ్యారు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ ఈ చికిత్సను వెల్లడించిన నాటి సంగతులు తెలిసినవే. నేటి వాదానికి వేరు 2016లో వెలువడిన 'సేవ్' అధ్యయనంలో ఉంది.

అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,700 మంది దాకా అందులో పాల్గొన్నారు. సగటున 3.7 ఏళ్లు గమనించగా, గుండెపోటు, పక్షవాతం వంటివి సీప్యాప్ ఇచ్చినవారిలో 17 శాతం మందికి, సాధారణ చికిత్సకే పరిమితమైనవారిలో 15.4 శాతం మందికి వచ్చాయి; ఆ తేడా గణాంకాల లెక్కకు నిలిచేది కాదు. గుండెకు ప్రయోజనం లేదన్న మాట అక్కడి నుంచే పాకింది. అయితే పాల్గొన్నవారు యంత్రం వాడింది రాత్రికి సగటున 3.3 గంటలేనని కూడా ఆ నివేదికే చెప్పింది.

అసలు కీలకం ఇదే. శ్వాసమార్గం మూసుకుపోయినప్పుడు గాలి కోసం ఛాతీ పెనుగులాడుతుంది. లోపలి పీడనం పడిపోయి, ఆ లాగుడుకు ఎదురొడ్డి గుండెలోని ఎడమ జఠరిక రక్తాన్ని నెట్టవలసి వస్తుంది. ఆక్సిజన్ తగ్గి, నిద్ర చెదిరిన క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో కండరాలు మరింత సడలుతాయి కనుక చాలామందిలో ఈ అంతరాయాలు అప్పుడే తీవ్రమవుతాయి. ఆ నిద్రలో అధిక భాగం రాత్రి చివరి జాములో పడుతుంది. అర్ధరాత్రి దాటగానే మాస్కు తీసేసినవారి గుండెకు సరిగ్గా ఆ వేళలోనే రక్షణ ఉండదు.

2023లో 'సేవ్'తో సహా మూడు పరీక్షల్లోని 4,186 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, రాత్రికి కనీసం 4 గంటలు వాడినవారికి మళ్లీ గుండె, మెదడు ప్రమాదాలు వచ్చే అవకాశం మిగిలినవారికంటే సుమారు 31 శాతం తక్కువని తేలింది. మాస్కు క్రమం తప్పక పెట్టుకునేవారు మందులూ క్రమంగానే వేసుకుంటారని, కాబట్టి ఆ తేడా యంత్రం వల్లే అనలేమని అవతలి పక్షం అంటుంది. అది తోసిపుచ్చదగిన అభ్యంతరం కాదు.

వారు తరచుగా ఎత్తిచూపే 2015 నాటి 'సర్వ్-హెచ్ఎఫ్' అధ్యయన ఫలితం మాత్రం ఇక్కడ వర్తించదు. అందులో గుండె జబ్బు మరణాలు పెరిగిన మాట నిజమే, కానీ అక్కడ వాడింది వేరే రకం యంత్రం, రోగులు గుండె వైఫల్యంతో పాటు ప్రధానంగా మెదడు సంకేతాలు ఆగడం వల్ల శ్వాస నిలిచేవారు. శ్వాసమార్గం మూసుకుపోయే రకం ఆప్నియా, గుండె వైఫల్యం రెండూ ఉన్న 24 మందిపై 2003లో జరిగిన చిన్న పరీక్షలో, నెలపాటు సీప్యాప్ వాడినవారి ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనకు ఎడమ జఠరిక తనలోని రక్తంలో బయటికి నెట్టే వంతు) 25 నుంచి దాదాపు 34 శాతానికి పెరిగింది.

'సేవ్'లో పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవారిని, రాత్రి ఆక్సిజన్ మరీ పడిపోయేవారిని చేర్చుకోలేదు. వారిని ఏళ్ల తరబడి చికిత్స లేకుండా ఉంచడం న్యాయం కాదు గనుక ఆ నిర్ణయం సరైనదే; కానీ దాని ఫలితంగా, ఈ యంత్రం అందరికంటే ఎక్కువ అవసరమైనవారి గుండె గురించి ఆ అధ్యయనం ఏమీ చెప్పలేదు.