మెడ తిరిగిన పెట్ట గురించి

చిట్టితల్లికీ బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఎర్ర పెట్ట మెడ మెలికపడిపోయింది. గింజ కోసం ముక్కు పొడిస్తే అది పక్కన నేల మీద పడుతోంది. మళ్లీ పొడుస్తోంది, మళ్లీ తప్పుతోంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. ఎవరిదైనా దిష్టి తగిలిందా అని అడిగారు. దిష్టి కాదమ్మా. ఎనిమిది కోళ్లలో ఐదు వారంలోపే పోయాయనీ, ఆకుపచ్చగా పారుకున్నాయనీ, నోరు తెరిచి ఎగశ్వాస పీల్చాయనీ రాశారు. నాకు కొక్కెర తెగులులాగే ఉంది. డాక్టర్లు దీన్నే రాణిఖేత్ అంటారు. వైరస్ నరాల్లోకి, మెదడులోకి వెళ్తే బతికి బయటపడ్డ కోడికి కూడా మెడ ఇలా తిరిగిపోతుంది.

అయితే బర్డ్ ఫ్లూలోనూ కోళ్లు ఇలాగే ఒక్కుమ్మడిగా పోతాయి. కంటితో చూసి తేల్చలేం. అందుకే నాన్న చేత ఈ రోజే పశువుల డాక్టరుగారికి కబురు చేయించండి. చచ్చినవాటిని ఎవరూ కాలవలో పారేయకుండా చూడండి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. అది పెద్దవాళ్ల పని, మీరు ముట్టుకోవద్దు.

రాణిఖేత్ అనేది ఒక ఊరు. ఉత్తరాఖండ్‌లో కుమావూ కొండల మీద ఉంది. 1920ల చివర్లో మన దేశంలో ఈ జబ్బును అక్కడి కోళ్లలో గుర్తించారు. అంతకు కొంచెం ముందు, 1926లో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోనూ ఇండోనేషియాలోని జావాలోనూ కనబడింది. అందుకే బయట దేశాల్లో దీన్ని న్యూకాజిల్ జబ్బు అంటారు. జబ్బులకు ఊళ్ల పేర్లు పెట్టడం నాకు మాత్రం నచ్చదు. ఆ ఊరివాళ్లు ఏం పాపం చేశారని?

పక్కింటి బాబాయి టెట్రాసైక్లిన్ తెచ్చి నీళ్లలో కలిపాడని రాశారు. మంచి మనసుతోనే చేశాడు. కానీ ఆ మందు బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ జోలికి పోదు. ఈ వైరస్ ఒంటిమీద ఒక ప్రొటీన్ ఉంటుంది. అది రెండు ముక్కలుగా తెగితేనే వైరస్ కోడి కణంలోకి దూరగలదు. దాన్ని తెంపే కత్తెరల్లాంటి ఎంజైములు కోడి ఒంట్లోనే ఉన్నాయి. మెతక రకం వైరస్‌ను తెంపగల కత్తెరలు గొంతులోనూ పేగుల్లోనూ మాత్రమే ఉంటాయి. అందుకని అది అక్కడే కాస్త తిరిగి ఆగిపోతుంది. ప్రాణం తీసే రకాన్ని ఒంట్లో దాదాపు ఎక్కడి కత్తెరైనా తెంపేస్తుంది. మన పెట్ట మెదడు దాకా అది అలాగే వెళ్లి ఉంటుంది.

ఈ కత్తెర రహస్యం ఎవరికీ తెలియని రోజుల్లోనే టీకా వచ్చింది. 1931లో అమెరికాలో వుడ్రఫ్, గుడ్‌పాశ్చర్ అనే ఇద్దరు, పిండం ఎదుగుతున్న కోడిగుడ్డులో కోళ్ల మశూచి వైరస్‌ను పెంచి చూపించారు. ఆ దారిలోనే 1940ల్లో ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధనాలయంలో హాడో, ఇద్నానీ అనే శాస్త్రవేత్తలు రాణిఖేత్ వైరస్‌ను ఒక గుడ్డులోంచి ఇంకో గుడ్డులోకి, దాన్నుంచి మరో గుడ్డులోకి మారుస్తూ పోయారు. మారగా మారగా దాని ఉగ్రం తగ్గింది. ఒంటికి జబ్బును పరిచయం చేస్తుంది, ప్రాణం మాత్రం తీయదు. ఆర్‌టూబీ అనే ఆ టీకా మన దేశంలో ఇప్పటికీ వాడుకలో ఉంది. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువుల టీకాల సంస్థలోనూ రాణిఖేత్ టీకా తయారుచేస్తారు.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో నా పని గుడ్లు చూడటమే. చీకటి గదిలో పది రోజుల గుడ్డును దీపానికి అడ్డంగా పెడితే లోపలంతా ఎర్రటి నరాలు వేరుల్లా పాకి ఉంటాయి. మధ్యలో చిన్న చుక్క కదులుతూ ఉంటుంది. పెంకు మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి, సన్నటి రంధ్రం చేసి, 0.1 మిల్లీలీటరు వైరస్ ఎక్కించి, మైనంతో మూసేవాళ్లం. తర్వాత ఆ గుడ్డులోని నీటిని తీసి, కోడి రక్తకణాలతో కలిపి చిన్న చిన్న గుంటల్లో పోసేవాళ్లం. వైరస్ లేకపోతే కణాలన్నీ అడుగుకు జారి కుంకుమ బొట్టులా చేరతాయి. వైరస్ ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని గుంటంతా పల్చటి తెరలా పరుచుకుంటాయి. మొదటిసారి ఆ తెర చూసిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంత కష్టపడి చేసిన టీకా ఎండకు పాడైపోతుంది. అందులో ఉన్నది బతికున్న వైరస్ మరి. ఒకసారి ఒక ఊరికి టీకా తీసుకెళ్లాం. దారిలో బస్సు చెడిపోయి మధ్యాహ్నమంతా రోడ్డు మీదే ఉన్నాం, పెట్టెలో ఐస్ అంతా కరిగిపోయింది. అయినా తెచ్చాం కదా అని వేసేశాం. మరుసటి నెల ఆ ఊళ్లో కోళ్లు పోయాయి. తన పెట్టలు అమ్మి కూతురికి పుస్తకాలు కొనాలనుకున్న ఒకావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ మొహం ఇంకా గుర్తుంది.

ఐస్ లేకపోయినా కొన్నాళ్లు నిలిచే టీకా మీద అందుకే నాకు అంత ఇష్టం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు మెతక వైరస్‌లలోంచి వేడికి తట్టుకునే రకాన్ని ఏరి, ఐ-టూ అని పేరుపెట్టారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్లే నాలుగు నెలలకోసారి కోళ్ల కంట్లో ఒక్కో చుక్క వేస్తారు. సూది అక్కర్లేదు.

మన దగ్గర కోడిపిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లాసోటా గానీ ఎఫ్ గానీ, అంటే మెతక రకం వైరస్ టీకా, కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. తల్లి నుంచి పచ్చసొనలో వచ్చిన రక్షణ ఈ టీకాను కొంత అడ్డుకుంటుంది, అందుకే ఒక్కసారితో సరిపోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్‌టూబీ సూది వేస్తారు. అది కాస్త ఘాటైనది, చిన్న కోడిపిల్లలకు తగదు.

ఇంకో చిక్కుంది. సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. మూడు కోళ్ల కోసం సీసా విప్పాలంటే ఎవరికైనా మనసొప్పదు. కాబట్టి మీరిద్దరూ ఈ ఆదివారం పుస్తకం, పెన్సిల్ పట్టుకుని మన వీధి మొత్తం తిరగండి. ఎవరింట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు, ఎన్ని పిల్లలు ఉన్నాయో రాయండి. ఎవరి దొడ్లోకీ వెళ్లకండి, గుమ్మం దగ్గరే అడగండి. మన చెప్పులకు అంటుకున్న మట్టితో కూడా ఈ జబ్బు ఇంటింటికీ వెళ్తుంది. జబ్బు తగ్గి, డాక్టరుగారు సరేనన్నాక రోజు ఖాయం చేద్దాం. కోళ్లు గంపలోంచి బయటికి రాకముందే, తెల్లవారుజామున వేయాలి. ఐస్ పెట్టె నేను తెస్తాను.

ఎర్ర పెట్టను మిగతావాటితో కలపకుండా విడిగా ఉంచమని అమ్మకు చెప్పండి. గింజలు నేల మీద చల్లకుండా లోతైన గిన్నెలో పోస్తే దానికి ముక్కుకు అందుతాయి.

మీ
తాతయ్య