పాత వెండి నాణెం దొరికిందా? రుద్దే ముందు ఒక్క నిమిషం

నా దగ్గరికి గుర్తుపట్టమని తెచ్చే పాత వెండి నాణేల్లో చాలావరకు అప్పటికే తళతళలాడుతుంటాయి. "శుభ్రం చేసే తెచ్చామండీ" అంటారు సంతోషంగా. నాకు ఉసూరుమంటుంది.

అపోహ: నలుపంటే మురికి, తోమెయ్యాలి

గాలిలోని గంధక వాయువులు తగిలి వెండి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఆ నలుపు అదే. అంటే నాణెంలోని వెండే ఆ రూపం తీసుకుంది, తోమితే పోయేదీ ఆ వెండే. టూత్‌పేస్ట్‌తో తోమిన నాణేన్ని లెన్స్ కింద పెట్టి కాస్త వంచి చూడండి. వెంట్రుకల్లాంటి గీతలు గుంపుగా మెరుస్తాయి. అవి ఇక పోవు, కొనేవాడి కన్ను ముందు పడేది వాటి మీదే. నిదానంగా పట్టిన నీలి, బంగారు ఛాయలకైతే ఎక్కువ ఇచ్చి మరీ కొనేవాళ్లున్నారు.

అపోహ: అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్లతో నలుపు తీస్తే ఏ నష్టమూ లేదు

ఉపాయం తెలివైనదే. సల్ఫైడ్ మళ్లీ వెండిగా మారుతుంది. కానీ ఆ వెండి మునుపటి నునుపుతో కుదురుకోదు, జీవం లేని తెలుపు మిగులుతుంది. చెంచాలకు సరే, నాణేనికి వద్దు.

మట్టిలో దొరికిన నాణెం సంగతి వేరు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. వేలితో మాత్రం తుడవకండి. మోస్ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం 7, వెండిది 3 లోపే. ఒక్క రేణువు వేలి కింద జారినా రాజుగారి చెంప మీద గీత పడ్డట్టే. మట్టి వదిలాక మెత్తని గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. ప్లాస్టిక్ కవర్ల వల్ల పట్టిన పచ్చటి జిగురుకు స్వచ్ఛమైన అసిటోన్ వాడొచ్చు, అది వెండి జోలికి పోదు. గాలి ఆడేచోట, మంటకు దూరంగా వాడండి.

అపోహ: మోగించి చూస్తే వెండో కాదో తేలిపోతుంది

శతాబ్దాలు మట్టిలో ఉన్న వెండి లోలోపల పెళుసుబారి ఉండొచ్చు. రాతి మీద కొడితే రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది. అయస్కాంతం అంటుకోకపోయినా సంబరపడొద్దు. రాగి, సీసం, వెండే లేని జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం) కూడా అంటుకోవు.

నేను నమ్మేది తక్కెడను. ముందు మామూలుగా తూచి, తర్వాత దారంతో నీళ్లలో వేలాడదీసి తూస్తాను. 26.70 గ్రాముల నాణెం నీళ్లలో 2.59 గ్రాములు తగ్గిందనుకోండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సాంద్రత 10.3. స్వచ్ఛమైన వెండికి 10.49 రావాలి, పదో వంతు రాగి కలిస్తే ఈ 10.3 దగ్గరికి వస్తుంది. జర్మన్ సిల్వర్ 9 దాటదు. ఆ తర్వాతే బరువు, వ్యాసం, అంచు, అక్షరాలు కేటలాగ్‌తో పోల్చుకోవడం.

అపోహ: నాణెం మీదున్న ఏడే అది తయారైన ఏడు

ఆస్ట్రియాను ఏలిన రాణి మరియా థెరిసా బొమ్మతో ఉండే పెద్ద వెండి నాణెం, థాలర్ మీద 1780 అని ఉంటుంది. ఆమె చనిపోయిన ఏడాది అది. కానీ అదే ఏడు వేసి 20వ శతాబ్దంలో కూడా వేర్వేరు దేశాల టంకశాలలు ముద్రిస్తూ వచ్చాయి. 1780 చూసి ఎగిరి గంతేస్తే తర్వాత మొహం వేలాడేసుకోవాలి. ఇక అరబిక్ లిపి అంకెల్లో 1214 అని కనిపిస్తే అది సాధారణంగా హిజ్రీ (ఇస్లామిక్ కేలండర్) లెక్క, మన లెక్కలో 1799-1800. దాన్ని 800 ఏళ్ల నాటిదనుకుని నా దగ్గరికి తెచ్చినవాళ్లున్నారు, తోమి మరీ.