రెండు బలమైన నొప్పి మందులు కలిపి వాడొచ్చా? క్యాన్సర్ నొప్పిపై అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ నొప్పికి ఫెంటానిల్ ప్యాచ్ అంటించి, దాంతోపాటు మార్ఫిన్ మాత్రలు కూడా రాసిచ్చామనుకోండి, కొందరు ఇంట్లోవాళ్లు హడలిపోతారు, ఇన్ని మత్తుమందులు మనిషి తట్టుకుంటాడా అని. ఇంకొందరు ఒకటి పనిచేయకపోయినా రెండోది పనిచేస్తుందిలే అని ధైర్యం తెచ్చుకుంటారు. అసలు సంగతి ఈ రెండింటిలో ఏదీ కాదు. నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ డాక్టరుగా ఈ మాటలు రోజూ వింటుంటాను కాబట్టి, మార్ఫిన్, ఫెంటానిల్, ఆక్సికోడోన్, హైడ్రోమార్ఫోన్, మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటి బలమైన ఓపియాయిడ్ మందుల్ని ఎప్పుడు కలుపుతామో, ఎప్పుడు కలపమో రాస్తున్నాను. ఇది చదివి ఇంట్లో డోసులు మాత్రం మార్చకండి. మీ డాక్టరును ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

అపోహ: రెండు బలమైన మందులు కలిపితే నొప్పి రెండింతలు తగ్గుతుంది

తగ్గదు. ఈ మందులన్నీ ప్రధానంగా పనిచేసేది ఒకే రకం రిసెప్టార్ల మీద, అంటే నరాల కణాల మీద మందు అతుక్కునే చోట్ల మీద, వాటిని మ్యూ రిసెప్టార్లు అంటాం. అంటే మార్ఫిన్ వాడుతున్న మనిషికి ఆక్సికోడోన్ కలిపితే చాలాసార్లు జరిగేది డోసు పెంచడమే, పేరు మాత్రం రెండో మందు. మత్తు, వాంతులు, మలబద్ధకం అన్నీ కలిసి పెరుగుతాయి, పైగా ఏదైనా తేడా వస్తే ఏ మందు వల్ల వచ్చిందో తేల్చుకోవడం కష్టం.

అలాగని ఈ ఆలోచన గాలిలోంచి పుట్టిందీ కాదు. ఒక్కో ఓపియాయిడ్ రిసెప్టార్‌ను కాస్త వేరుగా ప్రేరేపిస్తుంది, ఒకదానికి అలవాటుపడిన శరీరం ఇంకోదానికి పూర్తిగా అలవాటుపడి ఉండదు, కాబట్టి రెండు చిన్న డోసులు ఒక పెద్ద డోసు కన్నా మెరుగేమో అన్న ఆశ ఎప్పటినుంచో ఉంది. కానీ క్యాన్సర్ రోగుల్లో చేసిన అధ్యయనాలు చూస్తే చాలా తక్కువ. యూరప్ మార్గదర్శకాల కోసం 2011లో జరిగిన సమీక్షకు పనికొచ్చిన అధ్యయనాలు దొరికింది రెండే రెండు, అందుకే అక్కడ వచ్చిన సిఫారసు కూడా బలహీనమైనదే. ఇంత తక్కువ ఆధారం మీద ప్రతి రోగికీ రెండు మందులు గడియారం ప్రకారం ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

నేను మొదట చూసేది ఒకటే, ఉన్న మందును సరిగ్గా వాడారా లేదా. 'మార్ఫిన్ పనిచేయట్లేదు డాక్టర్' అని వచ్చేవాళ్లను కాస్త కూర్చోబెట్టి అడిగితే, నాలుగు గంటలకోసారి వేయాల్సిన మాత్రను నొప్పి భరించలేనప్పుడు రోజుకు ఒకటో రెండో వేసుకుంటున్నారని తెలుస్తుంది. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలే. మిగతా పదహారు, ఇరవై గంటలు ఆ మనిషి మందు లేకుండానే ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మామూలు మందు నుంచి బలమైన మందు దాకా మూడు మెట్ల నిచ్చెన ఇచ్చినప్పుడే వేళ ప్రకారం ఇవ్వాలని చెప్పింది, 2018లో కొత్తగా రాసినప్పుడు నిచ్చెన ప్రాధాన్యం తగ్గింది గానీ ఆ మాట అలాగే ఉంది. ఇలాంటి మనిషికి కావాల్సింది రెండో మందు కాదు, మొదటి మందే వేళకు, సరిపడా డోసులో.

అపోహ: ప్యాచ్ ఉండగా మార్ఫిన్ కూడా రాశారంటే డాక్టరు పొరపాటు పడ్డట్టే

పొరపాటు కాదు. ఓపియాయిడ్లు కలిపి వాడే సందర్భాల్లో మేం ఎక్కువగా చేసేది ఇదే, చాలామందికి తప్పకుండా అవసరమయ్యేదీ ఇదే.

క్యాన్సర్ నొప్పి రెండు రకాలుగా ఉంటుంది. రోజంతా వెనకాల ఉండేది ఒకటి. దగ్గినప్పుడో, పక్కకు తిరిగినప్పుడో, ఒక్కోసారి ఏ కారణం లేకుండానో ఉన్నట్టుండి ఎగదన్నేది ఇంకొకటి, దీన్నే బ్రేక్‌త్రూ పెయిన్ అంటాం. ఫెంటానిల్ ప్యాచ్ మొదటి రకానికి. మామూలుగా 72 గంటలు పనిచేస్తుంది, కానీ అంటించాక ప్రభావం సరిగ్గా మొదలవడానికే 12 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అలాంటి నెమ్మది మందు ఇప్పటికిప్పుడు లేచిన నొప్పికి ఏం చేస్తుంది? దానికి 20 నుంచి 30 నిమిషాల్లో పనిచేసే మామూలు మార్ఫిన్ మాత్రో, సిరప్పో దగ్గర ఉండాలి.

ఆ డోసు కూడా ఊహించి రాసేది కాదు. రోజు మొత్తం మందులో పదో వంతు నుంచి ఆరో వంతు వరకు ఇస్తాం. గంటకు 25 మైక్రోగ్రాముల ప్యాచ్ సుమారుగా రోజుకు 60 మి.గ్రా. నోటి మార్ఫిన్‌కు సమానం. అంటే మధ్యలో వేసే డోసు 6 నుంచి 10 మి.గ్రా. ఆ రోగి 10 మి.గ్రా. మాత్ర రోజుకు నాలుగుసార్లు వేసుకోవాల్సి వస్తోందనుకోండి, 60కి 40 కలిపితే రోజుకు 100 అయింది. అప్పుడు నొప్పి రోజంతా ఉంటోందా లేక కదిలినప్పుడు మాత్రమే వస్తోందా అని అడిగి, రోజంతా ఉంటే ప్యాచ్ బలం పెంచుతాం. స్నానం చేయించేటప్పుడో, కట్టు మార్చేటప్పుడో మాత్రమే వస్తుంటే ప్యాచ్ జోలికి పోం, ఆ పనికి అరగంట ముందు మాత్ర వేయమంటాం. అందుకే ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, ఎన్నింటికి వేశారు, ఎందుకు వేశారు, ఎంతసేపటికి తగ్గింది అని రాయమని బతిమాలుతుంటాను. ఆ నాలుగు గీతలు చూస్తే నాకు స్కానింగు రిపోర్టు చెప్పని సంగతులు తెలుస్తాయి.

మొదటిసారి ప్యాచ్ అంటించేటప్పుడు కూడా, అప్పటిదాకా 12 గంటలు మెల్లగా విడుదలయ్యే ఎస్ఆర్ మార్ఫిన్ వాడుతున్నవాళ్లయితే, ఆఖరి ఎస్ఆర్ మాత్ర ప్యాచ్‌తోపాటే ఇస్తాం. ప్యాచ్ అందుకునేదాకా నొప్పి లేవకుండా అది కాస్తుంది. అన్నట్టు, ఎస్ఆర్ మాత్రను నలిపి, నీళ్లలో కలిపి ఇవ్వకండి. 12 గంటల్లో మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. మింగలేకపోతే చెప్పండి, వేరే రూపంలో ఇస్తాం.

నాలుక కిందో బుగ్గలోనో పెట్టుకునే ఫెంటానిల్ ఇంకా త్వరగా పనిచేస్తుంది. దానికి పై లెక్క వర్తించదు, రోజువారీ డోసు ఎంతున్నా అతి చిన్న బలంతోనే మొదలుపెట్టాలి, అదీ అప్పటికే రోజుకు కనీసం 60 మి.గ్రా. నోటి మార్ఫిన్‌కు సమానమైన మందుకు అలవాటుపడినవాళ్లకే.

అపోహ: ట్రమడాల్ ఆపకుండా దాని మీదే మార్ఫిన్ మొదలుపెడితే ఇంకా మంచిది

ట్రమడాల్ తక్కువ బలమున్న ఓపియాయిడ్. బలమైన మందు మొదలుపెట్టాక దాంతో పెద్దగా పని లేదు, ఆపేయడమే మేలు. డిప్రెషన్ మందులు కూడా వాడుతున్నవాళ్లలో ట్రమడాల్ వల్ల సెరటోనిన్ అనే మెదడు రసాయనం ఎక్కువై వణుకు, జ్వరం, గందరగోళం వచ్చే ప్రమాదం అదనం. పెంటజోసిన్ అనే నొప్పి మందైతే మార్ఫిన్‌తో అసలే కలపకూడదు, మార్ఫిన్ పనిని అడ్డుకుని, మందు ఉన్నట్టుండి మానేస్తే వచ్చే బాధలన్నీ తెప్పించగలదు. బుప్రెనార్ఫిన్ ప్యాచ్ మీద కూడా ఇదే అనుమానం ఉంది గానీ, నొప్పికి వాడే డోసుల్లో దాని మీద మధ్యమధ్యలో మార్ఫిన్ ఇవ్వొచ్చు, పనిచేస్తుంది.

అపోహ: ఒక మందు పడకపోతే దానికి తోడు ఇంకోటి కలపాలి

పడకపోతే కలపడం కాదు, మార్చడం. మార్ఫిన్ శరీరంలో విరిగాక మిగిలే పదార్థాలు మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. కిడ్నీ సరిగా పనిచేయకపోతే అవి పేరుకుపోతాయి, నిద్రలో చేతులు, కాళ్లు ఉలిక్కిపడినట్టు ఎగురుతుంటాయి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పలవరిస్తారు. దీన్ని నొప్పి అనుకుని డోసు పెంచితే ఇంకా ముదురుతుంది. ఇలాంటప్పుడు మార్ఫిన్‌ను తప్పించి ఫెంటానిల్ లాంటి మందుకు మారుస్తాం. మార్చేటప్పుడు సమానమైన డోసు లెక్కగట్టి, అందులోంచి మళ్లీ 25 నుంచి 50 శాతం తగ్గించి మొదలుపెడతాం, ఎందుకంటే శరీరం పాత మందుకు అలవాటుపడింది గానీ కొత్తదానికి అంతగా పడలేదు. కొత్తది ఇచ్చారు కదా, పాతవి కూడా పడేయడం ఎందుకని ఇంట్లో దాచి, రెండూ వేస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. మీ చీటీలో 'ఆపాలి' అని రాసిన మందు ఏది, 'కొనసాగించాలి' అన్నది ఏది అన్నది డాక్టరు దగ్గర లేచేముందే స్పష్టంగా అడగండి.

మధ్యలో లేచే నొప్పికి ఇచ్చేది కాక, నిజంగా రెండు మందులు కలపడానికి కారణం ఉన్న చోటు ఒకటుంది, మెథడోన్. అది మ్యూ రిసెప్టార్లతోపాటు ఎన్ఎండిఏ అనే వేరే రిసెప్టార్ల మీద కూడా పనిచేస్తుంది. అందుకే మంటలు, కరెంటు షాకుల్లాంటి నరాల నొప్పి ఉండి మార్ఫిన్ పెంచినా లొంగనప్పుడు, ఉన్న మందుకు చిన్న డోసు మెథడోన్ జోడించే పద్ధతి ఉంది. కొందరికి చక్కగా పనిచేయడం చూశాను. అయితే అది ఒంట్లో ఎంతసేపు ఉంటుందన్నది మనిషిని బట్టి చాలా మారుతుంది, సగానికి తగ్గడానికి కొందరిలో 8 గంటలు, కొందరిలో 59 గంటలు కూడా పట్టొచ్చు. మొదటి రోజు బాగానే ఉన్న మనిషి నాలుగో రోజుకు మత్తులోకి జారిపోవచ్చు. ఇది గుండె లయ మీద కూడా ప్రభావం చూపుతుంది కాబట్టి ఈసీజీ చూడాలి. అనుభవం ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సిన మందు, మొదటి వారం రోజూ ఫోన్‌లోనైనా అందుబాటులో ఉండి చూసుకోవాల్సిన మందు.

అపోహ: రెండు ఓపియాయిడ్లు ఇస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది

లెక్క ప్రకారం మెల్లగా పెంచితే అలా జరగడం అరుదు. ఊపిరి మందగించే ముందు దాదాపు ఎప్పుడూ మగత పెరుగుతుంది, అదే మీకు హెచ్చరిక. మాట్లాడుతూ మాట్లాడుతూ కన్ను మూతపడటం, గట్టిగా పిలిచినా లేవకపోవడం, కనుపాపలు గుండుసూది మొనంత అయిపోవడం, నిమిషానికి 8 కన్నా తక్కువ శ్వాసలు ఉండటం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నలాక్సోన్ అనే విరుగుడు ఉంది.

నన్ను భయపెట్టేది రాసి ఇచ్చిన రెండు మందులు కాదు, లెక్కలోకి రాని మూడోది. నిద్ర పట్టడం లేదని వేరే డాక్టరు రాసిన అల్ప్రాజోలం, నరాలకని ఇచ్చిన గాబాపెంటిన్ పెద్ద డోసు, మద్యం. ఓపియాయిడ్లతో నిద్రమాత్రలు కలిపితే వచ్చే ప్రమాదం మీద అమెరికా ఎఫ్‌డీఏ 2016లో తన అతి గట్టి హెచ్చరిక జారీ చేసింది. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్, ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిత్రోమైసిన్ కూడా ఒంట్లో ఫెంటానిల్ స్థాయిని పెంచగలవు.

ఒకసారి బాగా మత్తుగా ఉన్నారని ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఛాతీ మీద ప్యాచ్ ఉంది, దాని మీద పెన్నుతో తేదీ కూడా రాశారు, అంతా సక్రమంగానే ఉందనిపించింది. పక్కకు తిప్పి వీపు చూస్తే, భుజం ఎముక కింద పాత ప్యాచ్ అలాగే ఉంది, అంచులకు మురికి పట్టి. పగలు కూతురు, రాత్రి కొడుకు చూసుకుంటున్నారు, కొత్తది ఒకరు అంటించారు, పాతది రెండోవాళ్లు తీసేశారనుకున్నారు. ఆవిడ కోలుకున్నారు. ప్యాచ్ పీకేసిన వెంటనే మందు ఆగిపోదు, చర్మం కింద నిల్వ ఉన్నది రక్తంలోకి వస్తూనే ఉంటుంది, సగానికి తగ్గడానికే 17 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, కాబట్టి ఒక రోజంతా పక్కనుండి చూసుకోవాల్సి వచ్చింది. కొత్తది అంటించేముందు ఒళ్లంతా వెతికి పాతది తీయండి, అంటుకునే వైపు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారేయండి. ప్యాచ్ మీద వేడి నీళ్ల సంచి పెట్టకండి, గట్టి జ్వరం వస్తే చెప్పండి. వేడికి మందు ఎక్కువగా పీలుస్తుంది ఒళ్లు.

అపోహ: నొప్పి ఇంకా ఉందంటే ఇంకో బలమైన మందు కావాలి

ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి 8 గ్రే (రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్ ఒకే ఒక్కసారి ఇచ్చినా చాలామందికి హాయి దొరుకుతుంది. క్లోమం క్యాన్సర్ నొప్పికి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అనే నరాల ఇంజక్షన్ ఉంది. వాపు నరాన్ని నొక్కుతుంటే డెక్సామెథసోన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ లేదా డులాక్సెటిన్, ఎముకల నొప్పికి, కిడ్నీ బాగుంటే, వాపు తగ్గించే నొప్పి మాత్రలు. రెండో ఓపియాయిడ్ గురించి ఆలోచించేముందు వీటిని అడగండి. భయం, నిద్రలేమి, డబ్బు టెన్షన్ కూడా నొప్పిని పెంచుతాయి, వాటి గురించి మాట్లాడకుండా డోసు ఎంత పెంచినా మనిషి తేరుకోడు.

అపోహ: ఇన్ని మందులిస్తున్నారంటే అలవాటుపడిపోతారు, లేదా ఆఖరి దశే

నొప్పికి క్రమంగా వాడే మందుకు శరీరం అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. మొదటిది చాలామందిలో ఉంటుంది, అందుకే ఒక్కసారిగా ఆపం, మెల్లగా తగ్గిస్తాం. క్యాన్సర్ నొప్పికి సరైన పర్యవేక్షణలో వాడేవాళ్లలో వ్యసనం తక్కువే, అయినా గతంలో మద్యం, మాదకద్రవ్యాల సమస్య ఉంటే దాచకుండా చెప్పండి, మందు ఇవ్వం అనం, ఇంకాస్త దగ్గరగా చూసుకుంటాం. రేడియేషన్‌తో నొప్పి తగ్గితే డోసులు తగ్గించి మార్ఫిన్ పూర్తిగా ఆపేసినవాళ్లు నాకు తెలుసు. సరిగ్గా వాడిన మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదు.

ఇక మలబద్ధకం. వికారం కొద్ది రోజుల్లో, మగత రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి గానీ ఇది మాత్రం తగ్గదు. ఓపియాయిడ్ ఒకటైనా, రెండైనా, మొదటి రోజు నుంచే విరేచనం అయ్యే మందు రాసివ్వాలి, రాయకపోతే అడిగి రాయించుకోండి. మూడు రోజులు మోషన్ అవకపోతే, కడుపు ఉబ్బి వాంతులు కూడా ఉంటే, ఇంట్లో ఇంకో మాత్ర వేసి చూద్దామనుకోకండి, ఆ రోజే చూపించండి.