టికెట్టు ఎవరు కొంటారు?

అమ్ములూ, చింటూ,

నిన్న రాత్రి అమ్ములు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను, వెనకాల మీ అమ్మ మిక్సీ మోతలో మొదటిసారి సగమే వినపడింది మరి. "తాతయ్యా, ఊళ్ళు తిరిగి రాస్తే డబ్బులిస్తారంట కదా, మరి ముందు టికెట్టు ఎవరు కొంటారు?" అని. ఫ్రీలాన్స్ ట్రావెల్ రైటర్ అవుదామని నా దగ్గరికొచ్చిన కుర్రాళ్ళు ఏ కెమెరా కొనాలి, ముందు ఏ దేశం వెళ్ళాలి అని అడిగారు గానీ ఈ టికెట్టు సంగతి ఒక్కడూ అడగలేదు.

నువ్వే కొనుక్కోవాలి తల్లీ.

మా చిన్నప్పుడు మా వీధికి పెరుగమ్మే ఆవిడ ఒకావిడ వచ్చేది. గేదెను ఆవిడే కొనుక్కుంది, తవుడూ గడ్డీ ఆవిడే పెట్టింది, పాలు తోడేసింది, అదంతా అయ్యాకే నెత్తిన కుండ పెట్టుకుని మా గుమ్మంలోకొచ్చి మా అమ్మ అరచేతిలో కాస్త పెరుగు వేసి రుచి చూడమనేది. ఫ్రీలాన్స్ అంటే ఇంతే. నెల జీతం ఉండదు, ఎవరి గుమ్మం ఎక్కాలో నువ్వే చూసుకోవాలి. ఆ అరచేతిలో వేసేదాన్నే ఇప్పుడు పిచ్ అంటున్నారు. ఎడిటర్‌కి మెయిల్లో ఓ ఆరేడు లైన్లు, ఏ ఊరు, అందులో ఇంకా ఎవరూ చెప్పని సంగతేంటి, ఈ నెలలోనే ఎందుకు వేసుకోవాలి, ఎన్ని పదాలు, ఫోటోలున్నాయా, అంతే. కుండ మొత్తం గుమ్మంలో బోర్లించకూడదు. ఇంకోటి, ఎవరింట్లో తియ్య పెరుగు తింటారో ఎవరికి కాస్త పులిసింది కావాలో ఆవిడకి తెలుసు, అంటే పంపేముందు ఆ పత్రిక పాత సంచికలు నాలుగైనా తిరగెయ్యాలి, పోయిన నెలే వాళ్ళు అరకు వేసేసి ఉంటే మళ్ళీ అరకు పట్టుకెళితే ఏం లాభం?

అరకు అంటే గుర్తొచ్చింది. చింటూ, పోయిన కార్తీకంలో కిరండూల్ పాసింజర్ ఎక్కి వెళ్ళొచ్చి నువ్వు రాసి పంపావే, "ప్రకృతి ఒడిలో అందాల అరకు" అని, అది చదివాను. కోప్పడకు, బాలేదు. 58 సొరంగాలు అని అందరూ రాసేదే నువ్వూ రాశావు. కానీ అదే రోజు ఫోన్లో ఏం చెప్పావో గుర్తుందా? సొరంగంలోకి వెళ్ళగానే బోగీ అంతా ఓ అని అరిచారని, ఎదురు సీట్లో వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చున్న చంటిది మాత్రం అరవకుండా కళ్ళు గట్టిగా మూసుకుందని, చీకటి పడ్డాక మళ్ళీ కళ్ళు మూసుకోవడమేంట్రా అని నాన్న నవ్వాడని. అది పేజీలో ఏదిరా? డబ్బులొచ్చే ముక్క అది, దాన్ని వదిలేసి సొరంగాలు లెక్కపెట్టావు. ఇంకో సంగతి, ఆ లైను అసలు మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి ఓడల్లో పంపడానికి 1960ల్లో వేశారు, మనం కిటికీ సీటు కోసం కొట్టుకుంటున్నాం. మీ రైలు మధ్యలో చాలాసేపు ఆగిందన్నావు కదా, అప్పుడు పక్కనించి గూడ్సు బండి వెళ్ళిందేమో, అందులో ఏముందో చూశావా?

సరే, తోడు దగ్గరికి వద్దాం. పాలు మరిగేటప్పుడు తోడేస్తే విరిగిపోతాయి, చల్లారిపోయాక వేస్తే తోడుకోవు, గోరువెచ్చగా ఉన్నప్పుడు వెయ్యాలి. ఊరి నుంచి వచ్చిన రాత్రే రాస్తే అంతా ఆహా ఓహో ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత రాస్తే హోటల్ పేరు కూడా గుర్తుండదు. నేనైతే అక్కడే జేబు పుస్తకంలో ధరలు, పేర్ల స్పెల్లింగులు, వాసనలు రాసేసుకుని, ఇంటికొచ్చిన మూడో రోజో నాలుగో రోజో కూర్చునేవాణ్ణి. ఆఫీసుంది కాబట్టి అదీ ఆదివారాలే. ఉద్యోగం మానేసి ఇందులోకి దూకేయమని మాత్రం నేనెవరికీ చెప్పను, పాడి బాగున్నా పెరుగావిడ రెండు ఇళ్ళల్లో పాచిపని మానలేదు.

నాకు ఈ రాత పట్టుబడింది ఏ ఎడిటర్ దగ్గరా కాదు, మా అమ్మమ్మ దగ్గర. ఎక్కడికెళ్ళినా ఆవిడకి కార్డు రాయాల్సిందే, మా నాన్న రూలు. నేను మొదటిసారి భద్రాచలం వెళ్ళి "ఇక్కడ చాలా బాగుంది, గోదావరి చాలా బాగుంది" అని రాశాను. అమ్మమ్మకి చదువు రాదు, పక్కింటి మాస్టారు చదివి పెట్టేవారు. వారానికి జవాబొచ్చింది, "బాగుందంటే నాకేం తెలుస్తుందిరా, నీళ్ళు ఎట్లా ఉన్నాయి, ఏం తిన్నారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, దోమలున్నాయా." ఇప్పటికీ ఏ ఆర్టికల్ రాసినా ఆ నాలుగు ప్రశ్నలకీ జవాబుందా అని చూసుకుంటాను. తర్వాతెప్పుడో ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర చరిత్ర చదివితే నాకు నవ్వొచ్చింది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఆయన, 1830 మే 18న బయల్దేరి కాశీ దాకా వెళ్ళి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. దారిలో రోడ్డు ఎట్లా ఉంది, నీళ్ళున్నాయా, దిగడానికి సత్రం ఉందా, సరుకులు దొరుకుతాయా, ఇవన్నీ స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి రాశాడు. అమ్మమ్మ అడిగినవే! 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఇవాళ్టికీ చదువుతున్నాం. టికెట్టంటావా, పల్లకీలూ బోయీలూ అంతా ఆయన సొంత ఖర్చే.

డబ్బుల సంగతి. మా ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలుండేవి, ఒక్కో గీత ఒక్కో రోజు పెరుగు, నెలాఖరుకి లెక్క చూసేవాళ్ళు. నువ్వూ గీతలు గీసుకోవాలి, ఎవరికి ఏం పంపావు, ఎప్పుడు అచ్చయింది, ఎంత రావాలి. ఒప్పుకునేటప్పుడే అడగడానికి సిగ్గుపడకు, ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు, ఇదే ముక్క తర్వాత ఇంకోచోట వేసుకోవచ్చా, దారిఖర్చులు ఇస్తారా (చాలామంది ఇవ్వరు) అని. అచ్చయ్యాకే డబ్బులిచ్చేవాళ్ళు ఉంటారు, ఆ తర్వాత కూడా నెలలు తిప్పేవాళ్ళుంటారు. నాకు ఒక పత్రిక నుంచి రావాల్సింది ఇంకా రానేలేదు, ఆ పత్రికే ఇప్పుడు లేదు. పెరుగావిడైతే మర్నాడు పొయ్యడం మానేసేది, మనం ఆల్రెడీ పోసేసి కూర్చుంటాం. పోలిక ఇక్కడికి పులిసిపోయింది, వదిలేద్దాం.

ఒక తప్పు చెప్పాలి. ఒక గుడి గురించి రాస్తూ మధ్యాహ్నం కూడా తెరిచుంటుందని రాసేశాను, బోర్డు చూడలేదు, టీ కొట్టతను చెప్పింది నమ్మాను. ముసలి తల్లిని తీసుకుని ఒకాయన అంతదూరం వెళ్ళి తలుపులేసి ఉంటే నాలుగింటిదాకా ఎండలో కూర్చున్నాట్ట, నాకు ఉత్తరం రాశాడు, తిట్టలేదు, జరిగింది మాత్రం రాశాడు. ఆ ఉత్తరం ఇంకా నా బీరువాలో ఉంది. అప్పట్నుంచి టైమింగులు ఫోన్ చేసి కనుక్కోకుండా ఒక్కటీ రాయలేదు. అట్లాగే ఎవరైనా హోటల్ వాళ్ళు ఊరికే రూమిస్తే ఆ మాట ఆర్టికల్లో చెప్పెయ్యాలి, తిన్న ఇడ్లీ బాగోకపోతే అదీ చెప్పాలి.

ఇప్పుడు ఏ దేశం వెళ్ళాలి అంటారా? ఈ ఆదివారం మీ ఊరి బస్టాండుకి వెళ్ళండి, నాన్నని తీసుకునే వెళ్ళండి. ఒక ప్లాట్‌ఫారం దగ్గర అరగంట కూర్చోండి, ఫోన్ నాన్న జేబులో పెట్టించండి. ఏ ఊరి బస్సుకి ఎట్లాంటి మూటలు ఎక్కుతున్నాయో, సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ ఎవరు వేస్తున్నారో, కండక్టర్ ఊరి పేరు ఎట్లా సాగదీస్తున్నాడో చూడండి. తర్వాత ఒక్క పోస్టుకార్డు మీద పట్టేంత రాసి నాకు పంపండి, వాట్సాప్ వద్దు. కార్డు అర్ధరూపాయే, అది నేనిచ్చుకుంటాను, బస్టాండు దాకా ఆటో మాత్రం మీదే.

పిన్‌కోడ్ వెయ్యడం మర్చిపోకండి, పోయినసారి చింటూ కార్డు ఎక్కడెక్కడో తిరిగి పదకొండు రోజులకి చేరింది.

మీ తాతయ్య