ఛాతీ గుంటకు కారణం నీళ్లు పోసిన అవ్వ కాదు

వేసవి సెలవుల్లో మా తిరుపతి క్లినిక్‌కు ఇలాంటి కుటుంబాలు తప్పకుండా వస్తాయి. తలనీలాలకని కొండకు వెళ్తారు. కల్యాణకట్టలో పిల్లవాడు చొక్కా విప్పితే రొమ్ము మధ్యలో గుంట కనిపిస్తుంది. వాడు దాన్ని ఏడాదిగా దాచుకుంటున్నాడని అప్పుడు తెలుస్తుంది. కొండ దిగేలోపే తప్పు ఎవరిదో తేల్చేస్తారు. పసితనంలో కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసిన అవ్వ గట్టిగా ఒత్తిందట!

పాపం ఆ అవ్వ. రొమ్ము ఎముక పక్కనుండే మృదులాస్థి పెరుగుదలలో తేడా వస్తే ఎముక లోపలికి పోయి గుంట పడుతుంది, లేదా ముందుకు వచ్చి పావురం ఛాతీ అవుతుంది. మగపిల్లల్లో ఎక్కువ, ఎత్తు పెరిగే వయసులో బయటపడుతుంది. గ్రహణం మాట నా దగ్గర ఎత్తకండి. దండీలు తీస్తే కండ వస్తుంది, గుంట పూడదు.

అసలు కొంప ముంచే అపోహ: "ఎముకే కదా, చూడటానికే లోపం."

చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. అందుకే మిగిలిన కొద్దిమంది మన కంట పడకుండా పోతారు. వాళ్లలో ఈ గుంట మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బుకు గుర్తు కావచ్చు. ఫిబ్రిలిన్ అనే ప్రోటీన్ లోపం వల్ల ఎముకలతో పాటు కంటి కటకం, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని కూడా దెబ్బతింటాయి. ధమని ఏ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి ఉబ్బి, ఒకరోజు చీలిపోవచ్చు.

పీలేరు వైపు నుంచి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చారు. ఆయన కొడుకు చొక్కా గుండీలు విప్పి చూపిస్తుంటే నా చూపు ఆయన పొడుగాటి వేళ్ల మీదే నిలిచింది. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమన్నాను. వేలి కొస గోరుతో సహా చిటికెన వేలి పక్కన బయటికొచ్చింది; మార్ఫాన్‌ను అనుమానించడానికి అదో గుర్తు. "మా నాయన నలభై రెండేళ్లకే పొలంలో కూలిపోయాడు సార్, గుండెపోటన్నారు" అన్నారు. ఇద్దరికీ ఎకో (గుండె స్కాన్) తీయించాం. ఉబ్బినది తండ్రి ధమని. ఇప్పుడు మందులు వాడుతున్నారు, ఏటా ఎకోకు వస్తున్నారు.

"మాది మేనరికం కాదు కదా" అని కూడా అంటారు. ఈ జబ్బుకు మేనరికం అక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. సుమారు నలుగురిలో ఒకరికి ఇంట్లో ఎవరికీ లేకుండానే వస్తుంది.

భయపడకండి, గుంట ఉన్న వాళ్లందరికీ ఆపరేషన్ అవసరం లేదు. పావురం ఛాతీకి ఎదిగే వయసులో బెల్టుతో చాలామందికి సరిపోతుంది. పొడుగు వేళ్లు, కంటిచూపు లోపం, ఇంట్లో చిన్న వయసు మరణం ఉంటే మాత్రం గుండె డాక్టరుకు చూపించండి.

పసిబిడ్డకు కొత్తగా ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే అది ఈ గుంట కాదు, న్యుమోనియా కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి.