వయోలా, ఆకలి, మన కిన్నెర

మహబూబ్‌నగర్

చిన్నారులకు,

తాతయ్య ఆశీస్సులు. సంగీతం నేర్చుకుంటే నలుగురికీ ఏం ఒరుగుతుందని మొన్న ఫోనులో అడిగారు కదా. కిమ్ కష్కషియాన్ అనే వయోలా విద్వాంసురాలి గురించి చెబుతాను.

వయోలా చూడటానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కాస్త పెద్దది. వయొలిన్‌లోని పై తీగ దీనికి ఉండదు, అడుగున మరో మంద్ర తీగ ఉంటుంది. ఆ స్వరాలు నిండుగా పలకాలంటే పెట్టె ఇంకా పెద్దది కావాలి, కానీ అంత పెద్దదాన్ని భుజాన పెట్టుకుని వాయించలేరు. అందుకే దాని గొంతులో కాస్త జీర ఉంటుంది. నాకు ఆ జీరే ఇష్టం. మన బాలమురళీకృష్ణ గారు కూడా ఈ వాద్యం వాయించేవారు.

కిమ్ 1952లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. ఆమె మూలాలు ఆర్మేనియావి. కుర్తాగ్, లిగెటి అనే స్వరకర్తల రచనలు వాయించిన ఆల్బమ్‌కు 2013లో గ్రామీ అవార్డు అందుకున్నారు. లిగెటి రాసిన సొనాటా (కొన్ని భాగాలున్న వాద్య రచన) మొదటి భాగమంతా ఆ అడుగు తీగ ఒక్కదాని మీదే నడుస్తుంది. పియానో మెట్ల మీద ఎక్కడా దొరకని స్వరాలు అందులో ఉంటాయి. వేలు వెంట్రుకవాసి జరిగితే చాలు, శ్రుతి చెడుతుంది. రుమేనియా పల్లెపాట ఛాయ అది. వింటుంటే నాకు మన నాట్ల పాటలు గుర్తొస్తాయి.

అంతటి విదుషి బోస్టన్‌లో ‘మ్యూజిక్ ఫర్ ఫుడ్’ అనే సహాయ కచేరీలు మొదలుపెట్టారు. కళాకారులు పారితోషికం తీసుకోరు. శ్రోతల విరాళాలు స్థానికంగా ఆకలితో ఉన్నవారికి తిండి అందించే కేంద్రాలకు చేరతాయి. సహాయ కచేరీయే కదా అని తేలిక పాటలతో సరిపెట్టరు, ఉద్దండుల రచనలే వాయిస్తారు. సేవ పేరుతో సాధన తగ్గించుకోవడం శ్రోతలకూ, అన్నం అందుకునేవారికీ అవమానమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదేమీ మనకు కొత్త కాదు. కరువొస్తే ముంబయికి వలసపోయిన పాలమూరు మనది. ఉన్నవాళ్ల గాదెలు కొట్టి లేనివాళ్లకు పంచిన పండుగ సాయన్న కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడిన మొగులయ్య గారు మన నాగర్‌కర్నూల్ వైపువారే. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

సెలవులకు రాగానే ముందు ఆ కిన్నెర వినిపిస్తాను, తర్వాత లిగెటి. రెండింటిలో ఏ స్వరం ఎక్కడ జారిందో మీరే పట్టుకుని చెప్పాలి.

మీ తాతయ్య