జాడీ మీద చీటీ

చిరంజీవులు బుజ్జమ్మకూ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ పోట్లాట ఫోన్లో విన్నాను. అక్క హార్డ్ రాక్ అంటుంది, తమ్ముడు హెవీ మెటల్ అంటాడు. మధ్యలో మీ నాన్న వచ్చి "రెండూ గోలే" అనేసి వెళ్లిపోయాడు. చివరికి "తాతయ్యా, లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ పాటలు ఏ రకమో నువ్వే చెప్పు" అని నా మెడకు చుట్టారు. అప్పుడు చెప్పే తీరిక లేదు. ఇక్కడ చిక్కడపల్లిలో ఆవకాయ పని నడుస్తోంది. మీ అమ్మమ్మకు మోచేతుల దాకా కారం, నా చంకలో జాడీ. పనయ్యాక జాడీలు వరసగా సర్దుతుంటే మీ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది.

మా అమ్మది వరంగల్ వైపు. ఆవిడ లెక్కలో మామిడికాయ తురిమి కలిపితే అది తొక్కు. మీ అమ్మమ్మది గుడివాడ. ఆవిడకు అదే పచ్చడి. మా పెళ్లయిన కొత్తలో ఒకే జాడీకి ఇద్దరూ నా చేత చీటీ రాయించారు. నేను తెలివిగా అటొకటి, ఇటొకటి అంటించాను. వంటింట్లో ఎవరుంటే వాళ్ల చీటీ ఇవతలికి తిరిగేది. అన్నంలో కలుపుకునేటప్పుడు మాత్రం ఇద్దరికీ ఏ తగువూ గుర్తుండేది కాదు.

మీ పాటల దగ్గరికి వస్తాను. ఆవకాయకు ఆ పేరు ఆవపిండి వల్ల వచ్చింది. రాక్ పాటలో ఆవపిండి ఏమిటంటే, గిటార్ మోతను కావాలని చించి గరగరలాడించడం. దాన్ని డిస్టార్షన్ అంటారని చిన్నోడికి తెలుసు, గిటార్ క్లాసుకు వెళ్తున్నాడుగా. హార్డ్ రాక్‌లో ఆ ఘాటు ఉంటుంది గానీ, బ్లూస్ అనే, అమెరికా నల్లవాళ్ల పాత పాటల ఊపు నూనెలా అంతటా తగులుతూనే ఉంటుంది. మెటల్‌కి వచ్చేసరికి ఆ ఊపు తగ్గి బరువూ ఘాటూ ముందుకొస్తాయి. సరే, ఎంత ఆవపిండి పడితే హార్డ్ రాక్ కాస్తా మెటల్ అవుతుంది? గిద్దెడా, సోలెడా? తగువంతా అక్కడే. ఆ కొలత ఎవరూ రాసిపెట్టలేదు.

పైగా పెసరావకాయ సంగతి చూడండి. అందులో ఆవపిండికి బదులు పెసరపిండి వేస్తారు. ఆవ లేదు, అయినా ఆవకాయే. ఇదెలా కుదురుతుందని మీ అమ్మమ్మను అడిగితే "ముందు తినండి" అంది. బెల్లం ఆవకాయది ఇంకో కథ. 1980ల్లో జుట్టు పెంచుకుని, ఘాటు గిటార్ల మీద తీపి ట్యూన్లు కట్టిన బ్యాండ్లు చాలా వచ్చాయి. గట్టి మెటల్ అభిమానులు వాటిని తమ పంక్తిలో కూర్చోనివ్వరు. మా తమ్ముడూ అంతే, బెల్లం ఆవకాయను ఊరగాయల్లో లెక్కపెట్టడు. మిఠాయి అంటాడు. అలా అంటూనే మూడు ముక్కలు వేసుకుంటాడు.

ఈ పోలికను ఇంకా లాగుదామనుకున్నాను గానీ ఒకచోట తెగింది. జాడీలో ముక్క కదలదు, పాట కదులుతుంది. లెడ్ జెప్పెలిన్ వాళ్ల 'స్టెయిర్‌వే టు హెవెన్' 1971లో వచ్చింది. దాదాపు 8 నిమిషాల పాట. మొదట్లో కరెంటు లేని గిటార్, దాని పక్కన పిల్లనగ్రోవిలాంటి రికార్డర్లు. 4 నిమిషాలు దాటితే గానీ డ్రమ్స్ రావు. ఏడో నిమిషంలో పాడేవాడు గొంతు చించుకుంటాడు. ఆఖరి మాట మళ్లీ ఒంటరిగా, మెల్లగా. మొదటి నిమిషం విన్నవాడు జానపదం అంటాడు. ఏడో నిమిషంలో గదిలోకి వచ్చినవాడు హార్డ్ రాక్ అంటాడు. ఇద్దరిలో ఎవరిని తప్పంటాం?

హెవీ మెటల్ అనే మాట 1968లో స్టెపెన్‌వోల్ఫ్ అనే బ్యాండ్ పాటలో వినిపించింది. అక్కడ అది మోటార్‌సైకిల్ ఉరుము గురించి, సంగీతం గురించి కాదు. ఇక ఆ బరువైన మోత ఎలా పుట్టిందో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 17 ఏళ్ల వయసులో మిషన్‌లో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అవి గిటార్ తీగలు నొక్కే చేతి వేళ్లే. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత వాటిని వదులు చేసి వాయించాడు. వదులైన తీగ శ్రుతి దిగుతుంది, మోత బరువెక్కుతుంది. ఆ కుర్రవాడి బ్యాండే బ్లాక్ సబ్బాత్. వాళ్ల మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. పాపం, అతను మెటల్ అనే రకాన్ని కనిపెడదామని కూర్చోలేదు. వేళ్ల నొప్పి తగ్గితే చాలనుకున్నాడు.

పెద్దవాళ్లూ ఈ పేర్ల దగ్గర బోర్లాపడ్డారు. 1989లో, అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ అవార్డులలో హార్డ్ రాక్‌నూ మెటల్‌నూ కలిపి మొదటిసారి ఒక బహుమతి పెట్టారు. అందరూ మెటాలికా అనే మెటల్ బ్యాండ్‌కే అనుకున్నారు. వచ్చింది జెత్రో టల్ అనే బ్యాండ్‌కు. వాళ్ల నాయకుడు ఒంటికాలి మీద నిలబడి ఫ్లూట్ వాయించే మనిషి! రాదనుకుని వాళ్లు ఆ సభకే వెళ్లలేదు. మరుసటి ఏడాది ఆ బహుమతిని రెండుగా విడగొట్టారు. 1992లో మెటాలికా వాళ్లు బహుమతి అందుకుంటూ, ఈ ఏడాది ఆల్బమ్ చేయనందుకు జెత్రో టల్‌కు థ్యాంక్స్ అని నవ్వించారు.

నా చిన్నప్పుడు మేం మాసాబ్ ట్యాంక్ దగ్గర ఉండేవాళ్లం. పక్కనే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే చల్లటి మిషన్ కాదర్రా, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా వాళ్ల పిల్లలూ మనవలూ అక్కడ స్థిరపడ్డారు. పెళ్లి బరాత్ వచ్చిందంటే మర్ఫా మోగేది. డోళ్లు, వాటి మధ్య ఠంగుమని బిందె. నేను చెప్పులు వదిలేసి వెనక పరిగెత్తేవాణ్ణి. ఒకసారి ఇది ఎవరి సంగీతమని నాకు పట్టుకుంది. పక్కింటాయన అరబ్బులదన్నాడు. పాలు పోసే ఆయన సిద్దీలది, అంటే ఆ ఆఫ్రికా వాళ్లది అన్నాడు. మా నాన్న చదువుతున్న పేపర్ దించకుండా "పెళ్లిది" అన్నాడు. చివరికి డోలు వాయించే ఆయన్నే అడిగాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి "పహ్‌లే నాచో మియా!" అన్నాడు. ఆడాను. తర్వాత ప్రశ్న మర్చిపోయాను. ఇంటికొచ్చాక చెప్పుల కోసం తన్నులు తిన్నాను.

పెద్దయ్యాక ఆబిడ్స్‌లో ఒక కొట్లో క్యాసెట్లు నింపించుకునేవాణ్ణి. అక్కడ గజల్‌కో అర, ఖవ్వాలీకో అర, భక్తికో అర. బీటిల్స్, బ్లాక్ సబ్బాత్, క్రిస్మస్ పాటలు అన్నీ ఒకే అరలో. దాని మీద 'ఇంగ్లీషు' అని ఉండేది. కొట్టువాడికి అది చాలు.

అయితే అన్ని చీటీలూ ఇంత అమాయకమైనవి కావు. అమెరికాలో నల్లవాళ్ల పాటలను చాలాకాలం 'రేస్ రికార్డ్స్' అని వేరుగా అమ్మారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు మార్చి 'రిథమ్ అండ్ బ్లూస్' అంది. పాడేవాడి ఒంటి రంగు చూసి పాటను ఏ అరలో పెట్టాలో తేల్చిన రోజులవి. కాబట్టి ఎవరైనా ఒక పేరు చెబితే, అది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని కూడా అడగండి.

నన్నడిగితే లెడ్ జెప్పెలిన్‌ను హార్డ్ రాక్ అరలో, బ్లాక్ సబ్బాత్‌ను మెటల్ అరలో పెడతాను. అక్క గెలిచానని గంతులేయక్కర్లేదు. రేపు మనసు మారితే మారుస్తాను.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఆ 8 నిమిషాల పాట పెట్టుకుని చెరో మూలా కూర్చోండి. పాట ఇక్కడ మారింది అనిపించిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకోండి. ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు కాగితాలూ నాకు పోస్టులో పంపండి, ఫోన్లో ఫొటో తీసి కాదు.

మీ అమ్మ వచ్చినప్పుడు చిన్న జాడీ ఒకటి ఇచ్చి పంపుతాను. దానికి చీటీ అంటించలేదు. మూత తీసి రుచి చూసి, పేరు మీరే రాసుకోండి. ఏం రాశారో మీ అమ్మమ్మకు మాత్రం చెప్పకండి.

మీ తాతయ్య